పదకొండు యాభై

నవంబర్ 7, శుక్రవారం. సాయంత్రం 6:30

ఈరోజు ఒక అబద్ధం రాశాను. నోటితో చెప్పి ఉంటే గాలికి పోయేది. కాగితం మీద ఉంది.

మా ఆస్పత్రికీ, ఒక ఇన్సూరెన్స్ కంపెనీకీ రేట్ల దగ్గర ఆరు నెలలుగా పడటం లేదు. పాత రేట్లకు ఆపరేషన్లు చేయలేమని మావాళ్లు, పెంచేది లేదని వాళ్లు. ఇవాళ పదకొండుంపావుకి వాళ్ల మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత చేరే పేషెంట్లకు క్యాష్‌లెస్ బంద్, బిల్లు మొత్తం చేతి నుంచి కట్టుకోవాల్సిందే. పన్నెండు లోపు చేరినవాళ్లకు పాత పద్ధతే.

ఇన్సూరెన్స్ డెస్క్ నాది. మెయిల్ చూడాల్సింది నేను. చూసింది పన్నెండుంపావుకి.

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల కొట్టున్న రామలింగయ్య గారికి సోమవారం బైపాస్. అప్రూవల్ ముందే వచ్చింది, చేరడమే తరువాయి. పదకొండుకే వచ్చేశారు. ఆయన భార్య వాసవాంబ గారు నా కౌంటర్ దగ్గరికొచ్చి, పన్నెండు దాకా రాహుకాలం, అది పోయినంక సంతకం పెడతా, ఏం కాదు కదా అని అడిగారు. ఏం కాదండీ, కూర్చోండి అన్నాను. మా అమ్మయినా అదే చేసేది.

పన్నెండు దాటాక ఆవిడ తీరిగ్గా లేచి వచ్చి సంతకం పెట్టి వెళ్లారు. ఆ తర్వాత మెయిల్ చూశాను. ఫారం మొదటి పేజీలో అడ్మిషన్ టైమ్ నేను రాయాలి. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

11:50 అని రాశాను. ఇది కూడా ఆ పెన్నుతోనే రాస్తున్నాను.

నవంబర్ 8, శనివారం

ఎవరూ ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.

నవంబర్ 10, సోమవారం

రామలింగయ్య గారి బైపాస్ బాగా జరిగిందట. పొద్దుట్నుంచీ దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆయన కోసమో నా కోసమో నాకే తెలియదు.

ఇవాళ ముగ్గురికి క్యాష్‌లెస్ లేదని చెప్పాను. ఒకాయన ఫలక్‌నుమా నుంచి వాళ్లమ్మను ఆటోలో తెచ్చాడు. నేను చెప్పింది విని, గొడవ కూడా పడకుండా వెనక్కి తీసుకెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది. అతని విషయంలో నేను చేసిన తప్పేం లేదు. అయినా ఆ ముసలమ్మ ముఖమే కళ్లముందు ఉంది.

నవంబర్ 13, గురువారం

గేటు దగ్గరి బాలకిషన్ పరుగెత్తుకొచ్చాడు. బిల్లింగ్ మేనేజర్ శశిధర్ గారు పిలుస్తున్నారు, ఏందో అర్జెంటట అన్నాడు. లిఫ్ట్ కోసం కూడా ఆగలేదు. మూడంతస్తులు మెట్లెక్కి వెళ్లాను.

స్టేప్లర్ నా దగ్గరుందా అని అడిగారు.

బాత్రూమ్‌లోకి వెళ్లి కాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను.

నవంబర్ 18, మంగళవారం

రామలింగయ్య గారిని డిశ్చార్జ్ చేశారు. వీల్‌చెయిర్‌లో నవ్వుతూ వెళ్లారు. వాసవాంబ గారు మాత్రం నా దగ్గరికి వచ్చి ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టారు. నిండా నువ్వుల లడ్డూలు. మూత మీద నా పేరు కొట్టించారు, ఉదయశ్రీ అని. దాని కింద 7-11.

"బిడ్డా, రాహుకాలం పోయేదాంక నువ్వు ఆగనిచ్చినవు. మంచి గడియల అడుగు పెట్టినం, మా ఆయన మంచిగ బయటవడ్డడు. నీ మేలు మరువ."

కాగితం మీద ఆయన్ని రాహుకాలంలోనే చేర్చేశానని ఎలా చెప్పను? డబ్బా బీరువా పైన, కనపడకుండా పెట్టాను. లడ్డూలు అమ్మ తింటోంది. నేను ఒక్కటీ ముట్టలేదు.

నవంబర్ 21, శుక్రవారం

వచ్చింది.

రెండు చోట్లా రెండు టైములెందుకున్నాయని అడుగుతూ కంపెనీ వాళ్లు ఫారంలో రెండు పేజీలు స్కాన్ చేసి పంపారు. మొదటి పేజీలో నా 11:50. చివరి పేజీలో వాసవాంబ గారి సంతకం. దాని పైన శ్రీకారం చుట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో 12:06 అని రాసుకున్నారు ఆవిడ. కింద రెండు గీతలు. మంచి గడియలోనే పెట్టానని దేవుడికి చూపించుకోవడానికి.

ఆ రోజు నేను చివరి పేజీ తిప్పలేదు.

నవంబర్ 22, శనివారం

మళ్లీ ఏ ఆస్పత్రిలోనైనా నన్ను ఇలాంటి డెస్క్‌లో కూర్చోబెడతారా? అమ్మ బీపీ మాత్రలు తెచ్చేది నేను. ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఫోన్ మోగినప్పుడల్లా ఆఫీసు నంబరేమోనని చూస్తున్నాను.

నవంబర్ 25, మంగళవారం

రేట్లు కుదిరాయి. రెండు పక్షాలూ చేతులు కలిపాయి. ఆఫీసులో స్వీట్లు పంచారు. ఏడో తారీఖు నుంచి ఇవాళ్టి దాకా చేరిన అందరికీ క్యాష్‌లెస్ వర్తిస్తుందట.

అందరికీ. అంటే ఆ రోజు నేను 12:06 అని ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఒక్క ఫైలే ఆగింది. టైమ్ మార్చారు కాబట్టి ఆ క్లెయిమ్ ఇవ్వరట. గట్టెక్కిద్దామని చేయి పట్టుకుని వాళ్లను గోతిలోకి తోశాను.

నవంబర్ 27, గురువారం. సాయంత్రం 7:00

శశిధర్ గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. కోప్పడలేదు. కాఫీ తెప్పించారు. అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

తప్పు ఆస్పత్రిదైతే బైపాస్ ఖర్చు మన మీద పడుతుంది, మీ ఉద్యోగమూ పోతుంది అన్నారు. తప్పు పేషెంటు వాళ్లదైతే వాళ్లే కట్టుకుంటారు, కంపెనీ వాళ్ల పాలసీ రద్దు చేస్తే చేస్తుంది, వ్యాపారస్తులు కదా, తట్టుకుంటారు అన్నారు.

"ఒక్క లైను చాలు, ఉదయశ్రీ గారూ. ఆ పెద్దావిడే పదకొండు యాభై అని చెప్పి రాయించిందని రాసి ఇవ్వండి. రేపు మధ్యాహ్నం లోపల."

బైపాస్ అయిన మనిషికి మళ్లీ ఇంకో కంపెనీ పాలసీ ఇస్తుందా? ఆ మాట ఆయన్ని అడగలేకపోయాను. తల ఊపి వచ్చేశాను. తల ఊపాను. అదీ నేను.

ఆఫీసులో ఏదో కాగితం మీద సంతకం పెట్టాలని మాత్రం అమ్మకు చెప్పాను. రేపు శుక్రవారం కదే, పన్నెండు దాటాక పెట్టు అంది.

నవంబర్ 28, శుక్రవారం. డెస్క్ దగ్గర

ఒక్క లైను కాదు, నాలుగయ్యాయి. పదకొండు యాభై రాసింది నేను. ఎవరూ చెప్పలేదు. ఆవిడ రాసుకున్న టైమే నిజం. మెయిల్ ఆలస్యంగా చూసిందీ నేనే.

పన్నెండు దాకా ఆగితే మళ్లీ ధైర్యం ఉండదు.

సంతకం కింద టైమ్ వేయాలి. గోడ గడియారం చూశాను. 11:20.

అదే వేశాను.