తొమ్మిదో దీవికి పోయే ముందు

నంద్యాలలో విత్తనాల అంగడి నడిపే జగన్నాథం భార్యను, ఆళ్లగడ్డ ఆడపడుచును, యాభై నాలుగేళ్ల లక్ష్మీనరసమ్మను నేను ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిరంగా ఉంది. టిఫిన్ అయి, బి.పి. మాత్ర వేసుకున్నాక రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. సలహా మాత్రం మా ఆయనది. వచ్చే నెల పద్నాలుగున మళ్లీ థాయ్‌లాండ్ పోయి తెరచాప పడవ ఎక్కుతానని చెప్పినప్పుడు ఆయన, "ఈత రాదు, భాష రాదు, యాడికి పోతాండావ్? పోతే పో, వీలునామా రాసిపెట్టి పో" అన్నారు. సబబుగానే తోచింది.

మళ్లీ అనడానికి కారణం ఇది. విత్తనాల కంపెనీ ఏటా డీలర్లను టూరుకు తీసుకుపోతుంది. ఏటా ఆయన స్నేహితుడితో పోయేవారు. పోయిన ఏడు స్నేహితుడికి మోకాలి ఆపరేషన్ కావడంతో నేను పోయాను. ఒక తెరచాప పడవ, ఆరు రోజులు, తొమ్మిది దీవులు అని కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉండింది.

1. ఆళ్లగడ్డ దగ్గర మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరా డెబ్బై సెంట్లు నా కొడుకు రాకేశ్‌కు, కూతురు కావ్యకు చెరి సగం. పొలం కొడుక్కే రావాలని రాకేశ్ అనవచ్చు. రెండేళ్లుగా అక్కడ కలుపు తీయిస్తున్నది కావ్య.

2. ఇల్లు మా ఆయన పేరున ఉంది, కనుక నేను రాయడానికి లేదు. వంటింటి సామాను నాది. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రోలు కావ్యకు చెందుతుంది. దాన్ని వరండాలో పెట్టి, నీళ్లు పోసి, పూలు వేయరాదు.

3. పెద్ద ఊరగాయ జాడీ మా చెల్లెలు ప్రమీలకు. పన్నెండేళ్ల క్రితం ఒక్క వారానికని తీసుకుపోయింది. ఈ వీలునామాతో అది న్యాయంగా ఆమెదవుతుంది. ఇకమీదట నన్ను చూడగానే మాట మార్చనక్కర్లేదు.

4. రెండు బారల తాడు, అదీ కావ్యకే. పడవ నడిపిన ఆవిడ ఇచ్చింది. ఆవిడ పేరు నాకు నోరు తిరగలేదు, నా పేరు ఆవిడకు తిరగలేదు. ఎంత గుంజినా జారని, విప్పాలంటే ఒక్క వేలితో వచ్చే ముడి ఒకటి నేర్పింది. నాలుగో దీవి దాటాక చుక్కాని నా చేతికిచ్చి, పక్కకు కూర్చుని అన్నం తిన్నది. పావుగంట. అంతమంది ప్రాణాలు నా చేతిలో పెట్టి ఒక మనిషి నింపాదిగా తినడం నేను అప్పుడే చూశాను. ఇంట్లో నాకు స్కూటరు ఇవ్వరు.

5. ఏ పూట గాలి ఎటు వీచిందీ, ఏ దీవిలో ఎప్పుడు దిగిందీ రాసుకున్న నోటుపుస్తకం రాకేశ్‌కు. చదవడని తెలుసు. అయినా పారేయకూడదు, కింది అంశానికి అదే రుజువు.

6. ఇది ఆస్తి కాదు, నిజం. మేము చూసినవి ఎనిమిది దీవులు. ఎనిమిదోది దాటుతుండగా మా ఆయన మూడోసారి వాంతి చేసుకుని, పెరుగన్నం దొరికే చోటికి తప్ప ఇంకెక్కడికీ రానని పడుకున్నారు. తొమ్మిదోది ఎదురుగా కనబడుతూనే ఉంది. నల్లటి కొండ, దాని పాదాన ఇంత ఇసుక. పడవ వెనక్కి తిరిగింది. నంద్యాల వచ్చాక ఆయన అంగడికొచ్చిన ప్రతి రైతుకూ తొమ్మిది చూశామని చెబుతున్నారు. వినీ వినీ మా గుమాస్తా సాల్మన్ రాజు ఆ తొమ్మిదో దీవిని ఆయనకంటే బాగా వర్ణిస్తున్నాడు.

పెళ్లయిన కొత్తలో అహోబిలంలోనూ ఇదే జరిగింది. అక్కడి తొమ్మిదిమంది నరసింహస్వాముల్లో ఏడుగురిని చూసి, ఎనిమిదో గుడి మెట్ల దగ్గర ఆయన కూలబడ్డారు. ఇంటికొచ్చి తొమ్మిదీ అయ్యాయన్నారు. మా వైపు ఒక్కటి తగ్గినా దాన్ని యాత్ర అనరు. అప్పుడు కొత్త కోడలిని, ఊరుకున్నాను. తర్వాత ప్రమీలతో పోయి తొమ్మిదీ చూసి వచ్చాను. ఈసారీ ప్రమీలతోనే పోతున్నాను.

7. ఆ దీవి చేరకముందే నాకేమైనా అయితే, ముందుగా ప్రమీల పోయి ఆ ఇసుక మీద కాలు పెట్టాలి. ఇంటికి ఫోను ఆ తర్వాతే చేయాలి.

8. ఈ వీలునామాను అమలు జరపవలసింది నా భర్త జగన్నాథం.

దిద్దుబాటు: సాక్షులు రాకముందు మా ఆయన ఈ కాగితం చదివారు. ఆరో అంశం రెండుసార్లు చదివారు. "ఏందిమే ఇది? పదిమంది చదివే కాయితంలో ఇదెందుకు రాసినావు? కొట్టేయ్" అన్నారు. కొట్టేయనన్నాను. కళ్లద్దాలు తుడుచుకుని, "నేనూ వచ్చి చూస్తే కొట్టేస్తావా?" అని అడిగారు. "చూసినాక కొట్టేస్తా" అన్నాను.

కనుక ఎనిమిదో అంశంలో ఆయన పేరు తీసివేసి, కావ్య పేరు చేర్చడమైనది. ఆయన కూడా అదే పడవలో ఉంటారు. తోడు పెరుగు చిన్న గిన్నెలో నేను తీసుకుపోతున్నాను. ఆరో అంశం ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

నంద్యాల, 12 అక్టోబరు 2025
(సంతకం) లక్ష్మీనరసమ్మ

సాక్షులు:
1. రాజరత్నం, రిటైర్డ్ టీచరు, ఎదురిల్లు
2. సాల్మన్ రాజు, అంగడి గుమాస్తా