నీ గొంతులో రెండు జామకాయలు

ఏమే, లేవగానే మాట్లాడకు, ముందు ఈ చీటీ చదువు. ఫ్లాస్కులో వేడినీళ్ళున్నాయి, గోరువెచ్చగా చేసి ఉప్పేసి పుక్కిలించు. మెత్తగా ఏదైనా తిని జ్వరం బిళ్ళ వేసుకో. పోయినసారి మిగిలిన క్యాప్సూళ్ళ కోసం వెతక్కు, డాక్టరు చెప్పకుండా మింగేస్తావని అవి నేను దాచేశా.

నిద్రలో నోరు తెరిచావని టార్చి వేసి చూశా. టాన్సిల్స్ రెండూ ఎర్రగా వాచి జామకాయలంత అయ్యాయి, మీద తెల్లమచ్చలు కూడా. టార్చి వెలుతురు లోపలికి దారి లేక వెనక్కొచ్చి నా కళ్ళల్లోనే పడింది!

సాయంత్రం బస్సు డిపోలో పెట్టేసి వచ్చి నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. ఈలోపు ఉమ్ము మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా నా కోసం చూడకు. వెంటనే పక్కింటి నర్సు గారి తలుపు కొట్టు.

పొద్దున నువ్వు నన్ను తిట్టకపోయేసరికి వీధి వీధంతా నిద్ర లేవలేదు. పాలవాడు సైకిలు మీదే గురక పెడుతున్నాడు. "వదిన అరవకపోతే తెల్లారిందని మాకెలా తెలుస్తుందయ్యా?" అని ఎదురింటాయన నా మీద పడ్డాడు. ఇవాళ నా బస్సు ఎక్కేవాళ్ళే ఉండరు.

నాకూ ఏం తోచట్లేదే.

అన్నట్టు, తడి తువ్వాలు కావాలనే మంచం మీద పడేశా. తియ్యకు. గొంతు బాగయ్యాక అది చూపించి కడుపారా తిడుదువుగాని.