తలుపు ముందే ఆగిపోయారు

మేడ్చల్, ఆదివారం, ఆగస్టు 2003

ఈ రోజు ట్యూషన్ పిల్లలతో కొత్త ఆట ఆడించబోయాను. కథ నేను చెప్పాలి, అందులో మనుషులు వాళ్లవ్వాలి, ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకోవాలి. నెగ్గారో లేదో గవ్వలు వేసి చూడాలి. అంతే.

"మీరు కోట తలుపు ముందు నిలబడ్డారు. లోపల ఎవరో ఏడుస్తున్నారు" అన్నానో లేదో, అందరూ నోట్‌బుక్కులు తెరిచి రాసుకోసాగారు. డిక్టేషన్ అనుకున్నారు, నా ఖర్మ!

పుస్తకాలు మూయించి, "ఇప్పుడేం చేస్తారు?" అనడిగాను. శ్రావణి చేతులు కట్టుకుని లేచింది.

"సార్, ఆన్సర్ ఏంది?"

"ఆన్సర్ లేదమ్మా. నీకు తోచింది చెప్పు."

దాని చూపు బల్ల మీది స్కేలు మీదకు పోయింది. "తప్పయితే కొడతరు గద సార్."

లోపల ఏడుస్తున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. గవ్వలు చాప మీద అలాగే పడి ఉన్నాయి. చివరికి పక్కన కూర్చున్న నా కూతురి వైపు ఆశగా చూశాను.

"నువ్వేం చెయ్యమంటే గదే చేస్త బాపూ" అంది.

మా పిల్ల నా మాట జవదాటదని ఇన్నేళ్లూ కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను.