జయరావుకు, సంతకంతో

తిరుపతి,
సోమవారం.

ప్రేమగల అమ్మకు,

ఫోన్‌లో చెప్పాలని రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ నువ్వు "తిన్నావా?" అని అడిగావు. తిన్నానని చెప్పి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. ఎవరూ పక్కన లేనప్పుడు చదువు.

నిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో నాకు డ్యూటీ లేదు. బస్టాండు దగ్గర ఉన్న పుస్తకాల షాపుకు వెళ్లాను. రంగప్రియ గుర్తుందా? డిగ్రీలో మూడేళ్లు నా హాస్టల్ గదిలో ఉన్న నగరి అయ్యంగార్ల అమ్మాయి. ఇప్పుడు పేరున్న రచయిత్రి. కొత్త నవల మీద సంతకాలు చేసి ఇస్తుందని షాపు ముందు బ్యానర్ కట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత చూడబోతున్నానని సంతోషంగానే వెళ్లాను. ఒక ప్రతి కొని వరుసలో నిలబడ్డాను. నేను కథల పుస్తకాలు చదవనని నీకు తెలుసు. నా ముందు చాలామంది ఉన్నారు కాబట్టి ఊరికే మధ్యలో తెరిచాను.

అందులో ఒక మోట బావి ఉంది. గట్టు మీద పదకొండేళ్ల పిల్ల కూర్చుని, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవల చదువుతోంది. నాలుగేళ్ల తమ్ముడు పక్కనే ఆడుకుంటున్నాడు. పిల్ల ఆ పేజీ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఎత్తేసరికి తమ్ముడు లేడు.

అమ్మా, ఆ పిల్ల నేను. జయరావు బావిలో పడిన రోజు నువ్వు నన్ను పిలవలేదు. వాణ్ణి పైకి తీసినాక నాయన కొడవలి చేతిలోనే పట్టుకుని "పిల్లోణ్ణి ఇడిసిపెట్టి యాడికి పోయినావే?" అని అడిగాడు. "అమ్మ గడ్డిమోపు ఎత్తను పిలిస్తే పోయినాను" అన్నాను. నాయన నీవైపు తిరిగాడు. నువ్వు నేల చూస్తూ "అవును, నేనే పిలిచినాను" అన్నావు. ఆ దుఃఖంలో ఏమంటున్నావో నీకే తెలియలేదనుకున్నాను. ముప్పై ఏళ్లు అలాగే అనుకుంటూ బతికాను. నాయన మాత్రం చనిపోయేదాకా నువ్వు వడ్డించిన అన్నం తినలేదు. కుండలోంచి తానే పెట్టుకునేవాడు. అదంతా చూస్తూ పెరిగాను. నోరు తెరవలేదు. నిజం చెప్పింది ఒక్క రంగప్రియకే, డిగ్రీ పరీక్షలు అయిపోయిన రోజు. నేనాడిన ఆ అబద్ధం కూడా తర్వాతి పేజీలో ఉంది. పేర్లు మాత్రమే వేరు.

నాకు కోపం రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ముందున్నవాళ్లు జరిగితే నేనూ జరిగాను. కాసేపటికి వరుసలోంచి బయటికి వచ్చి, ఈ పుస్తకాలు ఇంకా ఎన్ని ఉన్నాయని షాపాయనను అడిగాను. పద్నాలుగు ఉన్నాయన్నాడు. అన్నీ ఇవ్వమన్నాను. మన ఊరు ఐరాలకు ఒక్కటి కూడా చేరకూడదనే, ఇంకేమీ కాదు. "సంతకాలు లేకుండా తీసుకుపోతే ఎట్లమ్మా?" అని ఆయనే పుస్తకాలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

రంగప్రియ తల వంచుకునే ఉంది. జుట్టు సగం నెరిసింది. "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగింది. మా ల్యాబ్‌లో వాళ్ల పేర్లు చెప్పాను. గంగాధరం, అలివేలమ్మ, అమర్‌నాథ్. ఒక్కో పేరూ ఓపిగ్గా రాసింది. తెలిసిన పేర్లు అయిపోయాయి. నోటికి వచ్చిన పేర్లన్నీ చెప్పాను. చివరి పుస్తకానికి "జయరావు" అన్నాను. ఆ పేరు నా నోటితో అని ఎన్నేళ్లయిందో.

పెన్ను ఆగిపోయింది. తల ఎత్తి చూసింది.

"రెబెకా?"

తలూపాను.

"పేర్లన్నీ మార్చినాను రెబెకా. ఊరు కూడా మార్చినాను. నువ్వు కథలు చదవవు కదా అని..."

"మా అమ్మ చదువుతుంది" అన్నాను.

వెనక ఎవరో "తొందరగా కానీండి మేడం" అన్నారు. పేరు రాసి, సంతకం చేసి, పుస్తకం రెండు చేతులతో అందించింది. తీసుకున్నాను. ఆటోలో ఇంటికి వచ్చి సంచులు మంచం కిందికి తోశాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఈ పొద్దు డ్యూటీకి కూడా వెళ్లాను.

మంగళవారం ఇంకో కట్ట వస్తుందని షాపాయన నేను వచ్చేటప్పుడే చెప్పాడు. చిత్తూరుకు కూడా పంపుతారట. నేను ఎన్నని కొనగలను? నువ్వు అంగన్‌వాడీలో పనిచేసిన రోజుల నుంచీ దొరికిన ప్రతి వారపత్రికా చదువుతావు. ఎప్పటికైనా నీ చేతికి వస్తుంది. పరాయివాళ్లు రాసింది చదివి తెలుసుకునే ముందు నేనే చెప్పాలనుకున్నాను. ఇది చదివాక నన్ను రావద్దంటే రాను. క్షమించమని అడగను. ఏమని అడగాలో కూడా తెలియడం లేదు.

నీ కూతురు,
రెబెకా

*

ఐరాల,
శుక్రవారం.

నా బిడ్డ రెబెకాకు అమ్మ రాసేది,

నీ జాబు నిన్న వచ్చింది. రెండుసార్లు చదివినాను.

ఆ పొద్దు నేనేమన్నానో నాకు తెలుసు. నీ కేక విని అందరికంటే ముందు బావికాడికి వచ్చింది నేనే. నువ్వు మెట్ల మీద నిలబడి నీళ్లల్లోకి చూస్తా ఉండావు. గట్టు మీద పుస్తకం బోర్లా పడి ఉండాది. తీసి బొడ్లో దోపుకొని కొంగు కప్పినాను. వాణ్ణి అప్పటికి ఇంకా పైకి తియ్యలేదు. కన్నబిడ్డ నీళ్లల్లో ఉండంగా పుస్తకం దాసిపెట్టాలని నాకు ఎట్ల తోసిందో ఈ పొద్దుకీ తెలీదు. మీ నాయన కొడవలితో పరిగెత్తి వస్తా ఉండాడు. రెండో బిడ్డ కూడా పోకూడదనుకున్నాను, అంతే. ఆ పుస్తకాన్ని తర్వాత నీళ్లు కాంచే పొయ్యిలో పెట్టేసినాను.

నీ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధం. శానా దినాలు నీ తలకు నూనె పెట్టలేకపోయినాను. పక్కింటి మునెమ్మ చేత పెట్టించినాను. తర్వాత ఆ కోపం దానంతట అదే పోయింది. ఎప్పుడు పోయిందో నేను కనిపెట్టలేదు. పదకొండేండ్ల దాని చేతికి నాలుగేండ్ల బిడ్డను అప్పజెప్పి కూలికి పోయింది నేను. అది కూడా నేను మరిచిపోలేదు. మీ నాయనకు ఎవరో ఒకరి మీద కోపం కావాల్సి ఉండె. నా మీద పెట్టుకొని ఆయప్ప బతికినాడు. నువ్వూ బతికినావు.

నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. అడిగి ఉంటే బాగుండు.

రంగప్రియ చేసింది తప్పే. నిన్ను ఒక మాట అడగాల్సింది. నాకు కనపడితే ఆ మాట నేనే అంటాను.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను, చెప్పు. ఆ పుస్తకంలో పిల్లోడు మాట్లాడతాడా? ఆ పొద్దు వాడు గట్టు మీద ఏమి ఆట ఆడినాడు, నీతో ఏమన్నాడు, ఎవురూ నాకు చెప్పలేదు. మీ నాయన వాడి మాట ఎత్తనీలేదు. వాడి మొగం నాకు గుర్తుండాది. గొంతే మరిచిపోయినాను. మరిచిపోయి పదేండ్లయింది. ఈ మాట ఎవురికీ చెప్పుకోలేదు.

వచ్చే వారం ఆదివారం పొద్దున బస్సుకే రా. ఒక పుస్తకం తీసుకురా. చదవను నాకూ వస్తుంది, అయినా నువ్వు చదువు. వాడు మాట్లాడే కాడ నిదానంగా చదువు. నేను ఇంటాను.

మీ అమ్మ,
సిద్ధమ్మ