టాబ్‌లో గీసిన ప్లాను

హిందూపురం

చెల్లెలు మంజులకు,

పిన్నమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందనుకుంటాను. ఫోను చేద్దునుగానీ, నీ గొంతు వింటే ఈ సంగతి చెప్పలేను.

పెనుకొండలో ఎవరిని కదిపినా నీ మాటే. ల్యాప్‌టాప్ లేకుండా, టాబ్ ఒళ్లో పెట్టుకుని స్థలంలోనే ఇంటి ప్లాను గీసిస్తావట. పందొమ్మిదేళ్లుగా ఆఫీసు కుర్చీలో కూర్చుని గీస్తున్న నాకు అది మింగుడు పడలేదు. "టాబ్‌లో గీసిన గోడ వంకర పోతుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. నిన్న రొద్దంలో నువ్వు ప్లాను ఇచ్చిన ఓబులేసు స్థలానికి టేపు తీసుకుని వెళ్లాను. పునాదికి పోసిన సున్నం గీతలను మూల నుంచి మూలకు రెండుసార్లు కొలిచాను. అంగుళం తేడా వచ్చినా చాలని దేవుడికి మొక్కుకున్నాను. రాలేదు.

ఇంతలో ఆయన భార్య సావిత్రమ్మ వచ్చింది.

"ఆ పాప ఈడనే నా పక్కన కూర్చోని, గాలి యాడనుంచి వస్తాదో అడిగి వంటింటి కిటికీ జరిపింది. ఏమబ్బా, నువ్వెవరు?" అంది.

"ఆ పాపకు నేర్పింది నేనే" అనేశాను.

ఆమె కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. తాగాను.

మూడేళ్ల కిందట నేర్పమని వచ్చిన నిన్ను, ముందు ల్యాప్‌టాప్ కొనుక్కుని రమ్మని గడప దగ్గరి నుంచే పంపేశాను. నువ్వు మరచిపోయి ఉండవు. సావిత్రమ్మ అడిగితే మాత్రం, కాదనకమ్మా.

నీ అన్న