బుగ్గ మీద చుక్క

1968 నవంబరు 10, ఆదివారం

రీడింగ్ రూము మేడ మీది హాలులో మొదటి ప్రదర్శన. గోడలకు వేసిన సున్నం ఇంకా అంటుకుంటోంది, చీర కొంగంతా తెల్లబడింది. సెక్రటరీ రామ్మూర్తి గారు ఈ చలికాలమంతా రెండు వారాలకోసారి ఇలా బొమ్మలు పెడతారట. ఆఖరున విశాఖపట్నం నుంచి పెద్దలు వచ్చి, అన్నిట్లోంచి ఒక్కటి ఎంచి హైదరాబాదు పంపుతారట. “ఆడవాళ్ల పేరు ఒక్కటైనా ఉండాలి. డ్రాయింగు టీచరువి, ఏదో ఒకటి వెయ్యి అమ్మాయ్” అన్నారు.

ఏదో ఒకటి కాదు. ఆ హైదరాబాదు వెళ్లేది నాదే కావాలి. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

నవంబరు 24, ఆదివారం

బొమ్మల కోసం కాదు, జనం బొమ్మలు చూసే తీరు చూడటానికి వెళ్తున్నాను. మెట్ల దగ్గర చెప్పులు విప్పేస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే. పెంకుటింటి బొమ్మ ముందు ఒక రైతు చాలాసేపు నిలబడ్డాడు. “ఈ ఇంటికి గుమ్మమేదమ్మా? లోపలున్నోలు ఎలగొస్తారు?” ఇంటి వెనకవైపు వేశారని చెప్పాను. “అయితే మనం దొడ్డిదారిన వచ్చినామన్నమాట” అని నవ్వుకుంటూ పోయాడు. ఇంటికొచ్చాక కూడా నవ్వొచ్చింది.

డిసెంబరు 15, ఆదివారం

ఏం వెయ్యాలో తెలిసింది. చేపల చిన్నమ్మి కొడుకు. కళింగపట్నం నుంచి పొద్దుటి బస్సుకు వస్తుంది — నెత్తిన బుట్ట, చంకలో వాడు. అమ్మకం అయ్యాక మా అరుగు మీద కాసేపు చేరబడుతుంది. బొమ్మ వేస్తానంటే, “ఈడినా? ఈ నల్లగుంటడినా?” అంది. అంటూనే వాడి మొహం కొంగుతో తుడిచి నా వైపు తిప్పింది.

1969 జనవరి 5

కదలకుండా ఉండడు. కుంచె కావాలి వాడికి. ఒక కాలు మీద ఆకుపచ్చ రంగు, ఎంత కడిగినా పోలేదు.

జనవరి 19, ఆదివారం

అయిపోయింది. నూనె రంగులు, ఆరాలి. ఆ బుగ్గ ఎలా వచ్చిందో నాకే తెలియదు... నలుపులోంచి రాగి రంగు తేలింది. కూర వండుతూ రెండుసార్లు లేచి వెళ్లి చూసుకున్నాను. కూర మాడింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

గోడకెక్కింది. ఇదే ఆఖరి ప్రదర్శన. వచ్చిన వాళ్లంతా నా బొమ్మ దగ్గరే ఆగుతున్నారు. చిన్నమ్మి రాలేదు — మధ్యాహ్నం నుంచి పిల్లాడికి జ్వరమట, సాయంత్రం బస్సుకు వచ్చిన వాళ్లూరి ఇంకొకామె చెప్పింది.

ఫిబ్రవరి 5, బుధవారం

బడి నుంచి నేరుగా హాలుకు. బొమ్మలో పిల్లాడి బుగ్గ మీద శనగగింజంత నల్లటి చుక్క. కాటుక. ఒళ్లు మండిపోయింది. రామ్మూర్తి గారు తల పట్టుకున్నారు. “ఆ చేపలావిడ వచ్చింది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను...”

ఫిబ్రవరి 6, గురువారం

అడిగితే చిన్నమ్మి దాచలేదు. “నానే ఎట్టినాను. అన్నీ ఏసినారు. మొలతాడేసినారు, కడియమేసినారు. దిష్టిసుక్కొకటి మరిసిపోనారు. ఊరందరూ ఒచ్చి సూత్తన్నారు కదా, ఆదోరం నుంచి గుంటడికి ఒల్లు కాలిపోనాది.” చుక్క పెట్టిన రాత్రే జ్వరం దిగిందట.

దిగే జ్వరం దిగింది, అంతే. కానీ రోజూ వాడి బుగ్గ మీద చుక్క ఉండేది, అది నిజం. నేనే వెయ్యలేదు. రంగు చెడుతుందని వదిలేశానా? అసలు నా కంటికి ఆనలేదా? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఆదివారం పెద్దలు వస్తున్నారు. “ఆ మచ్చ తుడిచెయ్యి అమ్మాయ్. లేదా బొమ్మ దింపేస్తాను. మనూరి పరువు” అన్నారు రామ్మూర్తి గారు. రంగు ఆరింది, దూదితో ఒక్క తుడుపు చాలు.

చుక్క మీద వేలు అడ్డం పెట్టి చూశాను. తీసి చూశాను. చుక్క ఉంటేనే బుగ్గ ఇంకా నున్నగా ఉంది. వింతగా ఉంది. లేక నాకే అలా అనిపిస్తోందా...

ఫిబ్రవరి 8, శనివారం

తుడవాలని చిన్నమ్మికి చెప్పాను. పోట్లాడుతుందనుకున్నాను. బుట్ట సర్దుకుంటూనే, “మీ బొమ్మ, మీ ఇష్టం. తుడిసీండి. ఆలు ఎన్నింటికొస్తారు?” అంది. పదింటికి అన్నాను.

“అలగైతే రేపు బుట్ట ఎత్తను. ఆలు సూసి ఎల్లీదాకా ఈడిని కొంగు కింద ఎట్టుకుని ఇంట్లోనే కూకుంటాను.”

ఆదివారం బేరం పోతుందే అన్నాను.

“పోతే పోనాది.”

గొంతులో అలక కూడా లేదు. వద్దని ఒక్క మాట అనుంటే, అదంతా ఉత్తదని గంటసేపు వాదించేదాన్ని. తుడుచుకోమంది. కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

వీధిలో చేపల కేక లేదు. ఎదురింటావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, నిలబడి లోపలికి పోయింది.

హాలులో ఒక్కదాన్నే. డైరీ సంచీలో వేసుకొచ్చాను. రామ్మూర్తి గారు బస్టాండుకు వెళ్లారు. వచ్చేసరికి బుగ్గ శుభ్రంగా ఉండాలని చెప్పి మరీ వెళ్లారు.

తుడిస్తే పిల్లాడికి ఏమీ కాదు. నాకు తెలుసు. కానీ అక్కడ చిన్నమ్మి తలుపు దగ్గరగా వేసుకుని, వాడిని కొంగు కింద దాచుకుని, నేను తుడిచేసి ఉంటాననే అనుకుంటోంది. తుడవకపోయినా ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. అయినా చెయ్యి లేవడం లేదు.

హైదరాబాదు వెళ్లేది నాదే కావాలని ఇప్పటికీ ఉంది. నిన్నటికన్నా ఎక్కువే ఉంది.

కింద రిక్షాలు ఆగాయి. “పైకి రండి, పైకి రండి” — రామ్మూర్తి గారి గొంతు. దూది చేతిలోనే ఉంది, చుక్క బుగ్గ మీదే.