సింకు ముందు నేల

ఏవండీ,

ఓనరు గారు పదింటికల్లా నేల చూడ్డానికి వస్తారు. నేను కొత్తింటి తాళాలు తీసుకోవడానికి వెళ్తున్నాను. ఆయన ఏది చూపించినా "సారీ అండీ" అనేయకండి. మీ మొహమాటానికి మన అడ్వాన్సు కాస్తా పోతుంది.

హాల్లో గుమ్మం నుంచి లోపలిదాకా చెక్క నేల వెలిసిపోయింది కదా, అది నడవగా నడవగా వచ్చిన అరుగుదల. ఏ ఇంట్లోనైనా వస్తుంది. కిటికీ కింద రంగు పోయింది ఎండకి. ఆ కిటికీ పెట్టించింది ఆయనే.

బీరువా ఈడ్చిన గీత మాత్రం మనదే. ఎత్తి పెడదామని నెత్తీ నోరూ బాదుకున్నాను, విన్నారా? ఆయన అడక్కముందే మీరే చూపించండి. దాని మీద పరిచిన చాప తీసేయండి, కప్పిపెడితే లేనిపోని అనుమానాలు వస్తాయి. నిన్న మీరు గుమ్మం దగ్గర రాసిన బూట్ పాలిష్ కూడా సబ్బు నీళ్ళతో తుడిచేయండి. ఊరుకుంటే ఆయన కంట పడేదే కాదు, ఇప్పుడు మెట్ల మీంచే మెరుస్తోంది.

వంటింట్లో సింకు ముందు రెండు పాదాల మేర నున్నగా అరిగింది. అదీ అరుగుదలే, గట్టిగా చెప్పండి. ఆయన వెళ్ళాక మీరూ ఒకసారి అక్కడ నిలబడి చూడండి. ఇన్నేళ్ళలో ఒక్కరి పాదాలే పడ్డాయక్కడ.

ఫ్లాస్కులో టీ ఉంది.

మర్చిపోయాను, కొత్తింట్లో సింకు ముందు ఇద్దరు నిలబడేంత చోటుంది. మొన్న వెళ్ళినప్పుడు కొలిచే వచ్చాను.